ఒకే గదిలో మూడు గొంతులు

ఆ గురువారం ఉదయం తేజస్విని వేసుకున్న పథకం చిన్నది. కాఫీ తాగడం, హోసూరు బస్టాండు దగ్గర షేర్ ఆటో ఎక్కడం, బాగలూరు రోడ్డులోని ఇంజనీరింగు కాలేజీలో ఒక పాఠం చెప్పడం, సాయంత్రానికి పర్మనెంటు లెక్చరరుగా హాస్టలుకు తిరిగి రావడం. కాఫీ, ఆటో అనుకున్నట్టే జరిగాయి.

పాఠం మామూలుది కాదు. ఏడాదిపాటు తాత్కాలికంగా పనిచేసినవాళ్ళు ఆ కాలేజీలో కరస్పాండెంటు రామచంద్రప్ప ముందు ఒక క్లాసు చెప్పి చూపాలి. ఆయనకు నచ్చితే ఉద్యోగం ఉంటుంది. నచ్చకపోతే, తేజస్వినికైతే, కృష్ణగిరి అవతల పోచంపల్లి దగ్గరున్న సొంత పల్లెకు బస్సు ఉంటుంది. రామచంద్రప్ప చామంతి తోటల్లో గడించి కాలేజీ పెట్టిన మనిషి. ఏ పాఠమైనా ప్రాక్టికల్‌గా ఉండాలన్నది ఆయన ఏకైక విద్యావిధానం. నిరుడు బోర్డు నిండా సమీకరణాలు రాసిన ఒక లెక్చరరును మధ్యలోనే ఆపి, పూలు యాడ అని అడిగి ఇంటికి పంపించాడు.

అందుకే తేజస్విని సమీకరణాల జోలికి పోలేదు. ఆమెకు ఇచ్చిన పాఠం స్ప్రెడ్ స్పెక్ట్రమ్. ఒకే రేడియో బ్యాండులో ఎందరో ఒకేసారి మాట్లాడుకుంటూ కూడా ఒకరికొకరు అడ్డం రాకుండా ఎలా ఉంటారన్నది దాని సంగతి. పుస్తకంలో మంచి ఉదాహరణ దొరికింది. ఒకే గదిలో ముగ్గురు ఒకేసారి మూడు భాషల్లో మాట్లాడతారు. ఎదురుగా వినేవాళ్ళు ముగ్గురు. ఎవరి భాష వాళ్ళకు వినిపిస్తుంది, మిగతా రెండూ గాలి చప్పుడులా పోతాయి. అక్కడ భాష ఏం చేస్తుందో రేడియోలో కోడ్ ఆ పని చేస్తుంది. తెలుగు, తమిళం, కన్నడం పెడితే సరిపోతుందని ఆమె సంబరపడింది. ఆ పుస్తకం రాసినాయన హోసూరు చూసి ఉండడన్న ఆలోచన ఆమెకు రాలేదు.

కాలేజీలో అడుగు పెట్టేసరికి ఫోను మోగింది. మాట్లాడడానికి ఒప్పుకున్న ముగ్గురు విద్యార్థులూ బెంగళూరులో ఏదో ఇంటర్వ్యూ ఉందని తెల్లవారుజామునే వెళ్ళిపోయారు. మిగతా విద్యార్థుల్లో నోరు తెరిచి ఐదు నిమిషాలు ఆపకుండా మాట్లాడగలిగినవాళ్ళు లేరు. వాళ్ళ మాటలన్నీ బొటనవేళ్ళలో ఉన్నాయి. ఇక తేజస్విని గొంతు సంగతి చెప్పనవసరం లేదు. ఆమె హాజరు పిలిస్తే రెండో బెంచీ దాటి వినిపించదు.

ఆపకుండా మాట్లాడేవాళ్ళు ఆ కాలేజీలో ముగ్గురున్నారని ఆమెకు తెలుసు. ఏడాదిగా క్యాంటీనులో ఒక మూల కూర్చుని టీ తాగుతూ వాళ్ళను వింటూనే ఉంది. ఒకరు క్యాంటీను నడిపే మంజులమ్మ. కరస్పాండెంటు గదికి ఎవరొచ్చినా టీ పట్టుకుపోయేది ఆవిడే. రెండోవాడు పిల్లప్ప, రామచంద్రప్ప కారు డ్రైవరు. మూడో మనిషి ఆఫీసులో ఉత్తరాలు టైపు చేసే అంబిక. తేజస్విని వెళ్ళేసరికి ముగ్గురూ పొయ్యి దగ్గర తలలు దగ్గరపెట్టుకుని ఏదో మాట్లాడుకుంటూ, ఆమెను చూసి ఆపారు. ఆమె విషయం చెప్పింది.

"ఏమి మాట్లాడల్ల మేడమ్?" అంది అంబిక.

"ఏదైనా సరే. మీ ఇంటి సంగతులు మాట్లాడండి. మంజులమ్మ తెలుగులో, పిల్లప్ప తమిళంలో, నువ్వు కన్నడంలో. ఆపకుండా మాట్లాడితే చాలు."

మంజులమ్మ గరిటె పక్కన పెట్టింది. "పెద్దాయన కూడా వస్తాడామ్మా?"

"వస్తారు. ఆయన చూడాలనే కదా ఇదంతా."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అట్లయితే వస్తాము పద," అంది మంజులమ్మ. తన ఉద్యోగం కోసం వాళ్ళు పని మానుకుని వస్తున్నారని తేజస్వినికి కళ్ళు చెమ్మగిల్లాయి.

క్లాసు నిండిపోయింది. వెనక వరసలో రామచంద్రప్ప, పక్కన రిటైర్మెంటు దగ్గరపడ్డ ప్రిన్సిపాలు కూర్చున్నారు. తేజస్విని ముందుగా నాలుగు మాటలు చెప్పింది. ఒక సందేశాన్ని కోడ్‌తో కలిపి బ్యాండంతా పలచగా పరిచేస్తారని, కోడ్ తెలియని రిసీవరుకు అది సందేశంలా కూడా అనిపించదని, ఉత్త గరగరలా ఉంటుందని, కోడ్ ఉన్నవాడు మాత్రం ఆ గరగరలో నుంచే ముక్కలన్నీ ఏరి దగ్గర చేర్చుకుంటాడని. మన ఫోనులో దారి చూపే ఉపగ్రహాలు కూడా తలమీద అట్లాగే ఒకే బ్యాండులో ఒకేసారి మాట్లాడుతుంటాయని చెప్పింది. తరువాత పునీత్ అనే విద్యార్థిని తెలుగు మాత్రమే వినమని, ఇంకో ఇద్దరిని తమిళం, కన్నడం వినమని కూర్చోబెట్టి, వినిపించింది కాగితం మీద రాయమంది.

చెయ్యి ఊపింది. ముగ్గురూ ఒక్కసారిగా మొదలుపెట్టారు.

మంజులమ్మ తన అద్దె ఇంటి గోడు ఎత్తుకుంది. ఇన్నేండ్లుగా ఉంటున్నా, నెలాఖరుకు ఖాళీ చెయ్యాలని ఓనరు ఒక మాట కూడా ముందు చెప్పకుండా నిర్ణయించేశాడట. పిల్లప్ప తన ముసలి ఆవు సంగతి తమిళంలో చెప్పాడు. పోచంపల్లి సంతలో అమ్మేద్దామనుకుంటే సేలం నుంచి బ్రోకరే ఇంటికి వచ్చాడట, పళ్ళు చూశాడట, పాలివ్వని ముసలిది మాకెందుకని బేరమాడి అడ్వాన్సు చేతిలో పెట్టిపోయాడట. అంబిక కన్నడంలో తన అక్క మొగుడు పెట్టబోయే ఫ్యాక్టరీ గురించి చెప్పింది. స్థలాన్ని ఈవారంలోనే టేపు పెట్టి కొలుస్తారట, వచ్చే నెల పూజ, కాగితాలన్నీ టైపు అయిపోయాయట.

వింటున్నవాళ్ళ తలలు మొదట ఎవరి మనిషి వైపు వాళ్ళవి ఉన్నాయి. రెండో నిమిషానికి మెల్లగా తిరగడం మొదలైంది. హోసూరులో పుట్టినవాడికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బెంగళూరు బస్సులో కన్నడం. ఒక చెవి మూసి ఇంకో చెవి తెరవడం వాళ్ళకెవరూ నేర్పలేదు. పైగా పక్కవాళ్ళ ఇంటి గొడవను గాలి చప్పుడుగా వదిలేసే అలవాటు ఆ చుట్టుపక్కల ఏ ఊరికీ లేదు.

చెయ్యి ఊపి ఆపించి, తేజస్విని పునీత్‌ను చదవమంది. అతను కాగితం చూసుకుంటూ లేచాడు.

"నెలాఖరుకు ఖాళీ చెయ్యల్ల. సేలం బ్రోకరు వచ్చి అడ్వాన్సు ఇచ్చిపోయినాడు. టేపు పెట్టి కొలుస్తారు. వచ్చే నెల ఫ్యాక్టరీకి పూజ. ముసలివాళ్ళు వద్దంట."

మిగతా ఇద్దరి కాగితాల్లోనూ అదే ఉంది. చివరి బెంచీ నుంచి ఎవరో మెల్లగా అడిగారు.

"మేడమ్, అమ్మేది మన కాలేజీనా?"

వెనక వరసలో కుర్చీ పడిన చప్పుడు వచ్చింది. రామచంద్రప్ప ఫోను చెవికి పెట్టుకుని బయటికి పోతున్నాడు. ప్రిన్సిపాలు కూర్చున్నచోటే నాలుకతో తన పళ్ళు తడుముకుంటున్నాడు.

తేజస్వినికి అర్థమైంది ఒకటే, ప్రయోగం చెడింది. కోడ్‌ల మధ్య పోలిక ఉండకూడదని, వినేవాడికి ఒకే కోడ్ తెలిసి ఉండాలని బోర్డు మీద రాసి, మిగిలిన సమయమంతా శ్రద్ధగా వివరించింది. వినేవాళ్ళు లేరు. అందరి బొటనవేళ్ళూ ఫోన్ల మీద కదులుతున్నాయి.

మధ్యాహ్నానికి వార్త కృష్ణగిరి చేరింది. అక్కడినుంచి తల్లిదండ్రులు బయలుదేరారు. టీసీ ఇమ్మని విద్యార్థులు ఆఫీసు ముందు వరస కట్టారు. ఇంకో వరస గేటు బయట మొదలైంది. కొత్త ఫ్యాక్టరీలో మనుషులను తీసుకుంటున్నారని విని బయోడేటాలు పట్టుకుని వచ్చినవాళ్ళది అది. ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని బయటికి పంపాలో తెలియక వాచ్‌మన్ గేటును సగం తెరిచి ఉంచాడు. రెండు వరసలూ అక్కడ కలిసిపోయాయి. టీసీ కోసం వచ్చిన ఒక తండ్రి పొరపాటున కొడుకు మార్కుల కాగితం ఫ్యాక్టరీ వరసలో ఇచ్చి, పనికి ఎప్పుడు రమ్మంటారని అడుగుతున్నాడు. షేర్ ఆటోలవాళ్ళు పనిలోపనిగా కొత్త స్టాపు పెట్టుకున్నారు. ముసలివాళ్ళు వద్దన్న మాట ఏ దారిన తిరిగిందో, ప్రిన్సిపాలు ఆ పూట ఎవరితోనూ నోరు తెరిచి మాట్లాడలేదు.

మూడు గంటలకు కరస్పాండెంటు తేజస్వినిని పిలిపించాడు. పోచంపల్లి బస్సు వేళలు మనసులో లెక్కపెట్టుకుంటూ ఆమె వెళ్ళింది. రామచంద్రప్ప తలుపు తనే మూసి, గొంతు తగ్గించాడు.

"ఈ సంగతి నీకు యాడ తెలిసిందమ్మా?"

పాఠంలో తప్పు పట్టడానికే పిలిచాడనుకుంది ఆమె. "పుస్తకంలో ఉంది సార్."

"పుస్తకంలోనా?"

"చాలా పాతది సార్. ఈ లైనులో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే."

రామచంద్రప్ప కుర్చీలో కూలబడ్డాడు. "నేను ఎవరికీ చెప్పలేదే. ఇంట్లో కూడా చెప్పలేదు. ఎట్ల బయటికి వచ్చింది?"

కోడ్ గురించి అడుగుతున్నాడనుకుని తేజస్విని కొంచెం ధైర్యం తెచ్చుకుంది. "మనం రహస్యం అనుకుంటాము సార్. కానీ కోడ్ గట్టిగా లేకపోతే ఎవరైనా వినేస్తారు. నేను పొద్దున ఉపగ్రహాల గురించి చెప్పినాను కదా, అవి రాత్రీపగలూ మన తలమీదే ఉంటాయి."

ఆయన తలెత్తి సీలింగు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇప్పుడు ఏమి చెయ్యమంటావమ్మా?"

తనను సలహా అడుగుతున్నాడు. ఉద్యోగం నిలిచేటట్టుందని ఆమె అనుకుంది. "ఇంతదాకా చేసిందంతా రద్దు చేసి, మళ్ళీ మొదటినుంచి చేస్తే బాగుంటుంది సార్. అందరి ముందరా చేస్తే ఇంకా మేలు."

రామచంద్రప్ప లేచాడు. కండువా సర్దుకుని మెట్ల మీదికి వెళ్ళాడు. గుంపు చూసి నోరు తెరవబోతుండగానే గేటు దగ్గర తెల్లకారు ఒకటి ఆగింది. అందులోంచి సన్నటి మనిషి ఒకడు దిగి, చేతిలో ఇంత లావు టేపు చుట్ట పట్టుకుని, రెండు వరసలనూ తప్పించుకుంటూ లోపలికి వచ్చాడు. వందలమంది ఆ టేపు వైపే చూస్తున్నారు. ఆ మనిషి తలెత్తి రామచంద్రప్పకు నమస్కారం పెట్టాడు.

రామచంద్రప్ప ఒక్క క్షణం ఆకాశం వైపు చూసి, గట్టిగా అన్నాడు.

"ఎవరప్పా నువ్వు? ఈడ ఏమి కొలుస్తావు?"

సేలం బ్రోకరు తెలివైనవాడు. టేపు వెనక్కి దాచి, అడ్రసు తప్పినానని చెప్పి కారెక్కాడు. రామచంద్రప్ప తను మొదట వేసిన చామంతి తోట మీద ఒట్టు పెట్టాడు. తన కంఠంలో ప్రాణం ఉండగా కాలేజీని అమ్మేది లేదన్నాడు. చదువులు పూర్తయ్యేదాకా ఒక్క ఇటుక కదలదన్నాడు. ముసలివాళ్ళతో సహా అందరూ ఉంటారన్నాడు. ప్రిన్సిపాలు ఆ పూట మొదటిసారి నోరు తెరిచి, చప్పట్లు కొట్టమన్నాడు. ఫ్యాక్టరీ వరసలోనివాళ్ళు కూడా, వచ్చిన పని కాకపోయినా, అందరితోపాటు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం తేజస్వినికి పర్మనెంటు ఆర్డరు వచ్చింది. ఇంత తెలిసిన మనిషి బయట తిరగడం కంటే లోపల ఉండడమే మేలని కరస్పాండెంటు అనుకున్నట్టు ఆమెకు ఎవరూ చెప్పలేదు. టేపు పట్టుకున్న మనిషిని కళ్ళారా చూసింది గనుక అమ్మకం నిజమేనని మాత్రం అర్థమైంది. ముగ్గురి ఇంటి గోల మూడు ముక్కలై కలిసి ఇంత నిజాన్ని ఎట్లా చెప్పిందా అని హాస్టలులో చాలాసేపు ఆశ్చర్యపోయింది. యాదృచ్ఛికం అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదని తరువాతి పాఠానికి గుర్తు పెట్టుకుంది.

మరునాడు పొద్దున కారు తుడుస్తున్న పిల్లప్ప కనిపించాడు. సాయం చేసిన మనిషిని పలకరించకపోతే బాగుండదు.

"పిల్లప్పా, మా మామ కూడా పోచంపల్లి సంతకు పోతా ఉంటాడు. ముసలి ఆవును సేలం పంపితే మనసు కష్టంగా ఉండాదేమో కదా?"

పిల్లప్ప గుడ్డ పిండాడు. "ఏ ఆవు మేడమ్? నేనుండేది మెకానిక్ షెడ్డు మీద ఒక్క రూము. ఆవును యాడ కడతాను?"

ఆమె క్యాంటీనుకు వెళ్ళింది. ఇల్లు దొరికిందా అని అడిగింది. మంజులమ్మ టీ వడకడుతూ, మా అత్త కట్టించిన సొంత ఇంట్లోనుంచి నన్ను ఖాళీ చేయించే మగవాడు ఇంకా పుట్టలేదమ్మా అంది. పక్కన అంబిక తల వంచుకుని బన్ను తింటోంది. ఆమెకు అక్కే లేదు. బావ వచ్చే దారే లేదు.

"నేను చెప్పిన పాఠం మీకు ముందే తెలుసా?" అంది తేజస్విని చివరికి.

"పాఠం మాకెందుకమ్మా," అంది మంజులమ్మ గ్లాసు అందిస్తూ. "ఆయన రూములో టీ ఇచ్చేటప్పుడు ఒక ముక్క నేను విన్నాను. కారులో ఒక ముక్క పిల్లప్ప విన్నాడు. ఇంకో ముక్క ఈయమ్మ టైపు చేసింది. ఒక్కరం చెప్తే ఆ ఒక్కరి పని పోతుంది. నువ్వు ముగ్గురినీ ఒకటేసారి మాట్లాడమంటివి."

తేజస్విని టీ తాగింది. నిన్న ఆ గదిలో కోడ్ తెలియని రిసీవరు పాఠం చెప్పినావిడ ఒక్కతే.