బొట్టు కింది నంబరు

"రాయపూర్‌కు తెలుగువాడి చరిత్ర నాలుగు చక్రాల మీద వచ్చింది!"

1994 ఉగాది సభలో ఈ మాట అన్నది మా ఆంధ్ర సంఘం కార్యదర్శి వెంకటరత్నం గారు. రాసిచ్చింది నేను. సంఘంలో నేను సంచిక సంపాదకుణ్ణి. ఎవరికి ఎలాంటి చరిత్ర కావాలన్నా సాయంత్రానికల్లా తయారుచేసి ఇవ్వడం నా పని.

దేవేంద్ర నగర్‌లో ఆయన ఇంటి వెనక షెడ్డులో ఒక పాత మోటారు బండి ఉంది. 1931లో ఆయన తాతగారు దాన్ని స్వయంగా నడుపుకుంటూ వచ్చారట. ఈ ఊళ్లో కాలుపెట్టిన తొలి తెలుగువాడు ఆయనేనట. ఆ తాతగారి పేరూ వెంకటరత్నమే. "తాత పేరు మనవడికి పెట్టుకోవడం మన ఆచారం కదండీ. ఇంతకంటే పక్కా సాక్ష్యం ఏం కావాలి?" అనేవారు. సీట్లో తాతగారు కూర్చున్న గుంట ఇప్పటికీ ఉందని వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. వెనక తలుపు చెక్క మీద పంటి గాట్లు కనిపిస్తే, అవి పులివని సంచికలో రాశాను. పులి తలుపును ఎందుకు కరిచిందని ఎవరూ అడగలేదు. మా సభ్యులు మర్యాదస్తులు.

దానయ్య గారొక్కరే అడ్డం తిరిగారు. తమ తాత రైల్వే గార్డుగా అంతకంటే ముందే వచ్చాడని ఆయన వాదన. తొలి తెలుగువాడి మనవడికి సంఘం ఇవ్వదలచిన శాశ్వత అధ్యక్ష పదవి ఒక్కటే, తాతలేమో ఇద్దరు. చివరికి పాత బండ్ల పోటీకి పరీక్షకుడైన ఏలియా గారితో ఆ మోటారును పరీక్ష చేయించాలని నిర్ణయమైంది. తీర్మానం నేనే రాశాను. వెంకటరత్నం గారు చిత్తుప్రతి చూసి, "నా పేరు కొట్టేయండి. కాస్త వినయంగా ఉండాలి" అన్నారు. కొట్టేశాను. తీర్మానం ఇలా తేలింది: "బండి అసలుదని రుజువైతే, 1931లో దాన్ని నడుపుకుంటూ రాయపూర్ వచ్చిన తెలుగువారి మనవడే శాశ్వత అధ్యక్షుడు. రుజువు కాకపోతే దానయ్య గారు." అందరూ సంతకాలు పెట్టారు.

బండిని బాగుచేసే పని సిల్తారా ఉక్కు కర్మాగారంలో ఫిట్టరు పరదేశికి అప్పగించారు. విజయనగరం వైపు మనిషి, అబద్ధమాడడం చేతకాదు. వారం రోజులు బండి కింద పడుకుని లేచి చెప్పాడు.

"కార్బొరేటరు జీపుది బాబూ. రేడియేటరు తిల్దాలో ఏదో రైసుమిల్లుది. స్టీరింగు దేనిదో నాకే తెలీడం నేదు. ఇంజనూ, చట్రమూ, ఈ రెండే అసలువి కావచ్చు. నంబర్లు సూస్తే గానీ చెప్పలేను."

"చూడు మరి."

"ఏటి సూడను బాబూ? నంబరు మీద బొట్టుంది."

నిజమే. ప్రతి దసరాకూ ఆయుధపూజలో ఆ ఇంటి ఇల్లాళ్లు పసుపు రాసి కుంకుమ పెడుతూ వచ్చారు. పెట్టడానికి చదునుగా ఉన్న చోటు ఇంజను మీద ఒక్కటే, సరిగ్గా నంబరు కొట్టిన చోటు. ముప్పై ఆరు దసరాల బొట్టు నూనెతో కలిసి గట్టి పడిపోయింది. చట్రం నంబరుదీ అదే గతి.

పరదేశి కిరసనాయిలు తేబోతే వెంకటరత్నం గారి భార్య పార్వతమ్మ గారు షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"మా అత్తగారి నాటి నుంచి పెడుతున్న బొట్టయ్యా. ఆయన నిక్షేపంలా ఉండగా చెరపనిస్తానా?"

"పార్వతీ, అది బండి" అన్నారు వెంకటరత్నం గారు.

"బండైతే బొట్టెందుకు పెట్టమన్నారు?"

పురోహితుణ్ణి పిలిచాం. ఆయన చాలాసేపు పంచాంగం తిరగేసి, ముందు స్టీరింగు చక్రానికి కొత్త బొట్టు పెట్టాలనీ, ఆ తరువాత పాతది తీస్తే దోషం లేదనీ, దానికి బుధవారం తొమ్మిదిన్నర మంచిదనీ తేల్చారు. ఇంజను నంబరు చూడడానికి ముహూర్తం పెట్టిన సంఘం దేశంలో మాదొక్కటేనని నాకు గర్వంగా ఉంది.

బుధవారం సంఘమంతా షెడ్డు ముందు కుర్చీలు వేసుకుంది. ఏలియా గారు రైల్వే లోకోషెడ్డులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి, నవ్వడం ఆయనకు అలవాటు లేదు. "పైన బిగించిన రేకును ఎవరైనా మార్చగలరు. ఇనుములో కొట్టిన అంకె మాత్రం మార్చితే తెలిసిపోతుంది" అన్నారు. పరదేశి కిరసనాయిలు గుడ్డతో రుద్ది, పలచని కాగితం పరిచి పెన్సిలుతో గీశాడు. ముందు చట్రం నంబరు, తరువాత ఇంజనుది, ఒక్కొక్క అంకే పైకి తేలింది. 20714.

"దీనితో పోల్చడానికి కాగితం ఉందా?" అని ఏలియా గారు అడిగారు.

వెంకటరత్నం గారు పూజగది నుంచి ఎర్రగుడ్డ మూట తెచ్చారు. బండితో పాటు వచ్చిన పుస్తకమది. దసరాకు దానికీ పూజే, విప్పి చదివినవారు లేరు. ఏలియా గారు మొదటి పేజీ తిప్పారు. ఇంజను, 20714. చట్రం కూడా అంకెకు అంకె సరిపోయింది.

"ఈ సంవత్సరం పదిహేడు బండ్లు చూశాను. దేనికీ నంబర్లు కలవలేదు. ఇది అసలు బండి" అని అక్కడే కాగితం రాసి సంతకం చేశారు.

వెంకటరత్నం గారు దానయ్య గారి వైపు జాలిగా చూశారు. తరువాత నాతో, "తక్కినదీ చదవండి. గట్టిగా. అందరికీ వినబడాలి" అన్నారు.

చదివాను. చదవకుండా ఉండవలసింది.

"మునిసిపాలిటీ ఆరోగ్య విభాగం. వీధికుక్కలను పట్టు బండి. విశాఖపట్నం నుంచి రాయపూర్‌కు నడిపి తెచ్చినవాడు, 1931 జనవరి, డ్రైవరు దానయ్య."

అందరూ వెనక తలుపు మీది పులి పంటి గాట్ల వైపు చూశారు, ఆ పైన నా వైపు చూశారు.

"ఇందులో దాచేదేముంది? యాభై ఎనిమిదిలో మామగారు వేలంలో కొన్నారుగా. మీరూ వెళ్లారని అత్తగారు చెప్పేవారు" అన్నారు పార్వతమ్మ గారు.

వెంకటరత్నం గారు తేరుకుని దానయ్య గారి మీద పడ్డారు. "మీ తాత రైల్వే గార్డన్నారే? కుక్కలు పట్టేవాడా?"

దానయ్య గారి ముఖం మొదట పాలిపోయింది. ఆయన ఒకసారి ఏలియా గారి సంతకం చూశారు, ఒకసారి తీర్మానం చూశారు. తరువాత కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఔర్ క్యా? మా తాతే. ఎంత నిగర్వి కాకపోతే ఇంటో ఎవరికీ చెప్పకుండా పోయాడు భాయ్" అని, నిజంగానే ఏడ్చారు.

తాత పేరు మనవడికి పెట్టుకోవడం మన ఆచారం కదా. ఇంతకంటే సాక్ష్యం ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ పూటే ఆయన శాశ్వత అధ్యక్షులయ్యారు.

మర్నాడు వెంకటరత్నం గారు పరదేశిని పక్కకు పిలిచి, ఆ పుస్తకం వేరే బండిదనడానికి వీలుగా ఇంజను మీది ఒక్క నాలుగును తొమ్మిది చేయమని బతిమాలారట.

"ఇంజను మీద కొడతాను బాబూ. ఏలియా గారి కాయితం మీద ఎలాగ కొట్టేది?" అని వాడు సుత్తి సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ దసరాకు వాళ్లింటికి వెళ్లాను. పార్వతమ్మ గారు బండికి బొట్టు పెడుతున్నారు. వెంకటరత్నం గారు పక్కన నిలబడి, "ఇంకాస్త దట్టంగా పెట్టు" అంటున్నారు. నాకు ఆయన్ని చూస్తే నిజంగా జాలేసింది.

అక్కడి నుంచి తిన్నగా దానయ్య గారింటికి వెళ్లాను. కొత్త సంచికలో వారి తాతగారి చరిత్ర నేనే రాశాను మరి. ఆయన ఒకటికి రెండుసార్లు చదివి, పెన్ను తీసి కుక్కలున్న వాక్యం కొట్టేశారు.

"మిగతాదంతా బాగుందండీ. ఆ పులిని మాత్రం తీయకండి" అన్నారు.

తీయలేదు.