కృతజ్ఞతకు రిహార్సలు

నాటకకళను నిలబెట్టే నిమిత్తం, నాటకం చదువుకుంటున్న ఒక పేద విద్యార్థికి ఉపకార వేతనం ఇవ్వాలని మా నాటక సమాజం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏకగ్రీవం అనడంలో అతిశయోక్తి లేదు. ప్రతిదానికీ అడ్డుచెప్పే సభ్యుడు ఒకాయన ఉన్నాడు గానీ, ఆయన ఆ రోజు పన్ను పీకించుకుని నోట్లో దూది పెట్టుకుని కూర్చున్నాడు. పీకింది మా అధ్యక్షుడే.

మా అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఇరవై రెండేళ్ళుగా మేము ఒకటే నాటకం ఆడుతున్నాం. అందులో ఆయన రాజు. సింహాసనం కూడా ఆయనదే. క్లినిక్‌లో పాతబడిన కుర్చీకి ఎర్ర మఖమల్ గుడ్డ కప్పాం. రాజుకు కోపం వచ్చి కాలితో మీట నొక్కితే సింహాసనం పైకి లేస్తుంది, శాంతించగానే వెనక్కి వాలుతుంది. ఆ కుర్చీని చూస్తే మంత్రి వేషం వేసేవాడికి ఇప్పటికీ నోరు దానంతటదే తెరుచుకుంటుంది. రాకుమారి వేషం అధ్యక్షుడి మరదలిది. కథ ప్రకారం రాకుమారికి పదహారేళ్ళు. మొదట్లో ఆ విషయంలో మేము కొంచెం సర్దుకుపోయాం, తర్వాత్తర్వాత ప్రేక్షకులు సర్దుకుపోయారు. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి రాకుమారి అనే పిలుస్తారు. కార్యదర్శి ఒక సర్కారు ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఎవరైనా తుమ్మినా మినిట్స్ పుస్తకంలో ఎక్కిస్తాడు. ఇక నేను రెండో భటుణ్ణి. బల్లెం పట్టుకుని నిలబడతాను. నాకున్న మాట ఒక్కటే: "చిత్తం." కమిటీ సమావేశాల్లోనూ అంతే.

ఉపకార వేతనం ఆలోచన ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. కిందటి ప్రదర్శనకు వేదిక మీద మేము పదముగ్గురం, హాల్లో ప్రేక్షకులు పదకొండుగురు. అందులో ఇద్దరు వానకు తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళు. రెండో అంకంలో వాన వెలిసింది. దీనికి కారణం "యువతలో నాటకాభిరుచి లోపించుట" అని కార్యదర్శి నిర్ధారించాడు. నాటకం మార్చడం కన్నా యువతను మార్చడం తేలికని అందరికీ తోచింది.

దరఖాస్తులు నాలుగు వచ్చాయి. మొదటి కుర్రాడి బూట్లు నిగనిగలాడుతున్నాయి, తీసేశాం. రెండోవాడు మా నాటకం చూడలేదన్నాడు. మూడోది చూశానంది, అబద్ధాలు చెప్పేవాళ్ళను ప్రోత్సహించకూడదని ఆమెనూ తీసేశాం. నాలుగోది ఇంకో అమ్మాయి. నాటక కళాశాలలో ఆఖరి సంవత్సరంలో ఉంది. తండ్రి లేడు. తల్లి టైలరు. మా హాలు ఉన్న వీధి చివర, ఒక మేడ మెట్ల కింద మిషను వేసుకుని కుడుతుంది. ఆఖరి ఏడాది ఫీజు కట్టలేకపోతే చదివిన రెండేళ్ళూ నీళ్ళపాలే.

"ఏదైనా చేసి చూపించమ్మా," అన్నాడు అధ్యక్షుడు.

ఆ అమ్మాయి ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. అంతే. ఒక ముసలావిడ పళ్ళ డాక్టరు గుమ్మం ముందు వంతు కోసం కూర్చుంది. దవడ సలుపుతోంది, కానీ పక్కవాళ్ళకు తెలియనివ్వదు. తలుపు తీసిన చప్పుడైతే చాలు, తన పేరు పిలుస్తారేమోనని భయం. వేరేవాళ్ళ పేరు పిలిస్తే ప్రాణం లేచొస్తుంది, మరుక్షణం మళ్ళీ సలుపు. నోటితో ఒక్క మాట లేదు. మూడు నిమిషాలు. రాకుమారి తనకు తెలియకుండానే దవడ పట్టుకుంది. అధ్యక్షుడు సగం లేచి, "ఇలా రండమ్మా, చూద్దాం," అనేసి, చుట్టూ చూసి కూర్చున్నాడు.

తర్వాత కార్యదర్శి కలం తీసి ఇలా రాశాడు: "అభ్యర్థిని మరీ సహజముగా నటించుచున్నది. సమాజము ఇచ్చు శిక్షణతో ఈ లోపమును సవరించవచ్చును. ఎంపిక చేయడమైనది."

అమ్మాయి మొహం వెలిగిపోయింది. "థాంక్సండీ! చెక్కు ఎప్పుడిస్తారు సార్? ఫీజుకి వచ్చే నెలాఖరు గడువు."

ఆ అమాయకత్వానికి మేమందరం నవ్వుకున్నాం. చెక్కు ఊరికే ఇస్తారా! సభ జరగాలి, ముఖ్య అతిథి రావాలి. మాది నాటక సమాజం కాబట్టి సభకు రిహార్సళ్ళు జరగాలి. సాయంత్రాలు హాలు కసరత్తులవాళ్ళకు అద్దెకిచ్చాం కనక, రోజూ ఉదయం పదింటి నుంచి ఒంటిగంట దాకా అని నిర్ణయించాం. కాలేజీ కూడా సరిగ్గా ఆ వేళకే ఉండటం కాలేజీవాళ్ళ పొరపాటు.

సభకు కార్యదర్శి రచన చేశాడు. అందులో ఆ అమ్మాయి భాగం ఇది: "విద్యార్థిని వేదిక ఎక్కును. రెండవ మెట్టుపై తడబడును. దాతలను చూచి కన్నులు చెమర్చును. మాట పెగలదు. పిమ్మట నాలుగు నిమిషములు మాట్లాడును."

రిహార్సళ్ళు మొదలయ్యాయి. చిక్కేమిటంటే, తన వేషం తను వేయడం ఆ అమ్మాయికి బొత్తిగా చేతకాలేదు. మెట్లు మామూలుగా ఎక్కేసేది.

"తడబడాలమ్మా, తడబడాలి!" అనేవాడు అధ్యక్షుడు సింహాసనం మీంచి.

"ఎందుకు తడబడతాను సార్? నాలుగు మెట్లే కదా."

"నీకు ఇంత పెద్ద సాయం చేస్తుంటే కాళ్ళు వణకవూ?"

"చేస్తే ఫీజు కట్టుకుని నిశ్చింతగా నిలబడతాను కదండీ. చెయ్యకపోతేనే వణకాలి."

ఈ తర్కాన్ని మినిట్స్‌లో ఎక్కించలేదు.

దుస్తుల దగ్గర ఇంకో ఆటంకం. ఆ అమ్మాయి చొక్కా పాతదే గానీ శుభ్రంగా, ఇస్త్రీతో ఉంది. పేదరికం ఆఖరి వరుసకు కనబడదని కమిటీ అభిప్రాయపడింది. కొత్త చొక్కా ఒకటి కొని, మోచేతి దగ్గర మాసిక వేయించడానికి కార్యదర్శీ నేనూ వాళ్ళమ్మ దగ్గరికే వెళ్ళాం.

"కొత్త చొక్కాకి మాసిక ఎందుకండీ?" అందావిడ కళ్ళద్దాల పైనుంచి చూస్తూ.

"పేదరికం కోసమమ్మా," అన్నాడు కార్యదర్శి.

ఆవిడ చొక్కా తీసుకుంది. మర్నాడు వెళితే చొక్కా ఇచ్చింది. కార్యదర్శి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వెలుతురుకు పెట్టి చూశాడు. "మాసిక ఏదమ్మా?"

"వేశాను. కనబడకుండా వెయ్యడమే కదండీ పనితనం."

"అబ్బే, కనబడాలి. హాలు గుమ్మంలోకి కూడా కనబడాలి."

ఆవిడ చొక్కా మడతపెట్టి ఆయన చేతిలో పెట్టింది. "ఇరవయ్యేళ్ళుగా నా కూతురి బట్టల మీద ఒక్క మాసిక కనబడనివ్వలేదు గుమాస్తాగారూ. మీ కోసం ఇప్పుడు కనబడేట్టు కుట్టమంటే నాకు చెయ్యి రాదు. వికారంగా కావాలంటే మీరే కుట్టుకోండి."

చివరికి వేరే పెద్ద దుకాణంలో, రెట్టింపు మజూరీకి, చూడముచ్చటైన దరిద్రపు మాసిక వేయించాం.

గడువు దగ్గరపడింది. కాలేజీ నుంచి హాజరు తక్కువైందని ఉత్తరం వచ్చింది. ఆ అమ్మాయి ఉత్తరం తెచ్చి అధ్యక్షుడి ముందు పెట్టింది. ఆ రోజు మొదటిసారి గొంతులో కాస్త వణుకు వినిపించింది. రిహార్సల్లో రాని వణుకు. అధ్యక్షుడు ఆనందంగా, "అదీ! అదే కావాలి!" అన్నాడు.

"సార్, బతిమాలుకుంటున్నాను. చెక్కు ఇప్పుడే ఇచ్చెయ్యండి. ఫీజు కట్టేసి, సభ రోజు వచ్చి మీరెలా ఏడవమంటే అలా ఏడుస్తాను."

రాకుమారి బుగ్గన వేలేసుకుంది. "చూశారా బావగారూ, ఈ కాలం పిల్లలు!"

అధ్యక్షుడు కోపంతో మీట నొక్కాడు. సింహాసనం అంతెత్తుకు లేచింది. అక్కణ్ణించి ఆయన అన్నాడు: "ముందే అందితే ఇక కృతజ్ఞత ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా? కళాకారుడన్నవాడు త్యాగం చెయ్యాలి. నన్ను చూడు, ఈ రాజ్యం కోసం నేను ఎన్ని పళ్ళు వదులుకున్నానో!"

అందరూ నా వైపు చూశారు. నేను "చిత్తం" అన్నాను. ఆ అమ్మాయి కూడా ఒకసారి నా వైపు చూసింది. నేను బల్లెం సర్దుకున్నాను.

గడువు దాటిపోయింది. కాలేజీవాళ్ళు పేరు కొట్టేశారు. వెంటనే కార్యదర్శి అత్యవసర సమావేశం పెట్టి నిబంధన చదివాడు: "ఉపకార వేతనము నాటక విద్యార్థులకు మాత్రమే." పేరు లేనిది విద్యార్థిని ఎలా అవుతుంది? మనసు ఎంత కరిగినా నిబంధన కరగదు. ఆమె అర్హతను విచారంతో రద్దు చేశాం. కానీ సభ ఆగడానికి వీల్లేదు. ఆహ్వానాలు అచ్చయ్యాయి. ముఖ్య అతిథిగా ఐసు ఫ్యాక్టరీ యజమాని ఒప్పుకున్నాడు. మాసిక కూడా సిద్ధంగా ఉంది. అందువల్ల, పేద విద్యార్థిని పాత్రను రాకుమారి ధరించాలని తీర్మానించాం.

అయితే రాకుమారికి ఒక ప్రత్యేకత ఉంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఒక్క మాటా కంఠస్థం చేయలేదు. తెర చాటు నుంచి ప్రాంప్టరు ఏది అందిస్తే అది ఉచ్చస్వరంతో అప్పజెబుతుంది. ఒకసారి ప్రాంప్టరు దగ్గుతూ "కాసిని మంచినీళ్ళు" అంటే, యుద్ధానికి వెళ్తున్న యువరాజుతో ఆవిడ కన్నీళ్ళతో అదే అంది. ఇప్పుడా ప్రాంప్టరు గొంతు పూర్తిగా పోయింది. కార్యదర్శి ఆ అమ్మాయిని పిలిపించాడు.

"నీ భాగం నీకు నోటికొచ్చు కదమ్మా. కాస్త వెనకనుంచి అందించు. కూలి ఇస్తాం."

ఆ అమ్మాయి చాలాసేపు నేల చూపులు చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "నేను ఏమంటే అది అంటారా ఆవిడ?"

"అక్షరం పొల్లుపోదు," అన్నాడు కార్యదర్శి గర్వంగా.

"అయితే వస్తానండీ."

సభ రోజు హాలు కిటకిటలాడింది. ఐసు ఫ్యాక్టరీ యజమాని తన పనివాళ్ళకు సెలవిచ్చి పంపాడు, హాజరు తీసుకోవడానికి మేస్త్రీని కూడా పంపాడు. అధ్యక్షుడు ఉపన్యసించాడు. "కళ అనేది పన్ను వంటిది. పైకి కనిపించేది కొంచెమే. వేరు లోపల ఉంటుంది. ఆ వేరుకు నేడు మనం నీరు పోస్తున్నాం!" పంటి వేరుకు నీరు పోస్తే ఏమవుతుందో ఆయనకు తెలియకపోదు, కానీ చప్పట్లు పడ్డాయి.

రాకుమారి వచ్చింది. రెండో మెట్టు మీద అద్భుతంగా తడబడింది. మాసిక మిలమిలలాడింది. నేను తెర పక్కనే, ఆ అమ్మాయికి జానెడు దూరంలో ఉన్నాను. "మహాశయులారా, నేనొక నిరుపేదను," అని అందించి, తన చేతిలో పుస్తకం మూసేసింది. నేను చూశాను. ఏమీ అనలేదు.

"ఈ చెక్కు కోసం నలభై రోజులు ఈ మెట్లు ఎక్కి దిగాను," అని గుసగుసలాడింది.

"ఈ చెక్కు కోసం నలభై రోజులు ఈ మెట్లు ఎక్కి దిగాను!" అని రాకుమారి గుండె మీద చెయ్యేసుకుంది.

"అవతల నా క్లాసులు పోయాయి. కాలేజీలో నా పేరు కొట్టేశారు. ఇప్పుడు నేను విద్యార్థినిని కాను. అందుకని ఈ చెక్కు నాకు రాదు."

రాకుమారి ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క వెక్కిలి చేర్చి అప్పజెప్పింది. ముందు వరుసలో ఎవరో ముక్కు చీదారు.

"నా వేషం కూడా నాకివ్వలేదు. వేరే ఆవిడ వేస్తోంది. ఆవిడ ఈ డాక్టరుగారి మరదలు."

"ఆవిడ ఈ డాక్టరుగారి మరదలు!" అని రాకుమారి చెయ్యి చాచి బావగారిని చూపిస్తూ వలవలా ఏడ్చేసింది.

అధ్యక్షుడు చెక్కు పట్టుకుని కొయ్యబారిపోయాడు. కార్యదర్శి కలం జారిపోయింది. ఇక కుర్చీలు విసురుతారనుకున్నాను. నిజం అంత స్పష్టంగా, అంత గట్టిగా ఆ హాల్లో ఎన్నడూ ఎవరూ చెప్పలేదు.

జనం లేచి నిలబడ్డారు. ఐదు నిమిషాలు ఆగకుండా చప్పట్లు. "ఎంత సహజంగా చేసింది!" అన్నాడు ఐసు ఫ్యాక్టరీ యజమాని కళ్ళు తుడుచుకుంటూ. చప్పట్లు వినగానే అధ్యక్షుడికి ప్రాణం వచ్చింది. ముందుకు నడిచి, వంగి, "ఇది మా సమాజం చేసిన సరికొత్త ప్రయోగం," అన్నాడు. చెక్కు రాకుమారి అందుకుంది. వేషంలో ఉండగా అందుకున్న వస్తువు సమాజపు ఆస్తి కనక మర్నాడు మళ్ళీ మా ఖాతాకే చేరింది.

ఆ అమ్మాయి తెర వెనక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. "ఒక్కళ్ళకైనా అర్థమవుతుందనుకున్నానండీ," అంది నాతో. బాగా అందించావమ్మా అన్నాను.

అప్పణ్ణించి రాజునూ మంత్రినీ పక్కనబెట్టి ఇదే ఆడుతున్నాం. పదిహేను ఊళ్ళు తిరిగాం. పేద విద్యార్థుల కష్టాలను కళ్ళకు కట్టినందుకు మాకు బహుమతులు కూడా వచ్చాయి. ఆ అమ్మాయి ఊరూరా కూలికి అందించింది. వాళ్ళమ్మ ఆస్పత్రి కిటికీలకు తెరలు కుట్టే పని అదనంగా ఒప్పుకుంది. ఇద్దరూ కలిసి ఏడాది తిరిగేసరికి ఫీజు పోగుచేశారు. కాలేజీలో మళ్ళీ పేరు రాయించిన రోజు ఏ సభా జరగలేదు, ఎవరూ ఏడవలేదు. అందువల్ల అది ఏ పత్రికలోనూ రాలేదు.

ఆమె మాకు ఆఖరిసారి అందించిన సాయంత్రం మీరు వచ్చారు. మీరే. నాలుగో వరుసలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చారు. తెర పడగానే ఉండబట్టలేక వెనక్కి పరిగెత్తుకొచ్చారు, చేతిలో కవరుతో. దారిలో పుస్తకం పట్టుకుని ఒక అమ్మాయి అడ్డంగా నిలబడి ఉంది. "కాస్త పక్కకు జరుగమ్మా, ఆ పేదపిల్లకు ఏదైనా సాయం చెయ్యాలి," అన్నారు. ఆమె మిమ్మల్ని ఒక్క క్షణం చూసి పక్కకు జరిగింది. మీరు నేరుగా రాకుమారి దగ్గరికి వెళ్ళి, యాభై ఆరేళ్ళ ఆ చేతిలో కవరు పెట్టి, గద్గద స్వరంతో, "బాగా చదువుకో తల్లీ," అన్నారు.