ఎనిమిది రాళ్లు, నలభై పేర్లు

ఒక పెద్ద అడవిలో, నరసింహస్వామి చల్లని చూపు వల్ల, సింహరాజు కొలువు నడిచే కచేరీ కూడా పెద్దదే. హాజరుపట్టీలో నలభై పేర్లు. గుహలో కూర్చోడానికి మాత్రం ఎనిమిది రాళ్లు. నవ్వకండి, మన దగ్గరా ఉన్నాయి అలాంటివి.

మిగతా ముప్పై రెండూ పొదల్లో కునుకు తీసేవి. ఎవరి పేరు వినపడితే వాళ్లని బంట్రోతు కాకి రెప్పపాటులో తెచ్చి రాయి మీద కూర్చోబెట్టేది. చోటు కోసం, అందరికంటే ఎక్కువసేపు ఊరికే ఉన్నవాణ్ని లేపి పొదకి తోలేది.

ఎండలు ముదిరి కార్చిచ్చు భయం పట్టుకుంది. సింహం తన తనిఖీదారైన ముంగిస వీరేశాన్ని పిలిచింది.

"నిప్పంటుకుంటే ఆర్పడానికి గుహలో అసలు ఎవరుంటున్నారో సాయంత్రానికి చెప్పు. తప్పు చెప్పావో, నీ కొలువు ఊడుతుంది."

వీరేశం గుమ్మంలో నిలబడి పట్టీ చదివాడు.

"ఎలుగు భల్లయ్య."

"ఇక్కడే ఉన్నానండీ," అన్నాడు భల్లయ్య, ఒంటికి అంటిన ఆకులు దులుపుకుంటూ.

"అడవిపంది వరాలమ్మ."

"ఎక్కడికి పోతాను బాబూ, పొద్దుటినుంచీ ఇదే రాయి," అని ఆవలించింది వరాలమ్మ.

నలభై మందీ పలికారు. వీరేశం బుర్ర గోక్కున్నాడు.

"ఒరే కాకీ, ఎనిమిది రాళ్ల మీద నలభై మంది ఎట్లా పట్టారురా?"

"మీరు పిలిచారు, నేను తెచ్చాను. పిలవకపోతే తెచ్చేవాణ్నా అయ్యగారూ?"

అప్పుడు వెలిగింది వీరేశానికి. నోరు మూసుకుని గుహ పైకెక్కాడు. కంతలోంచి తొంగిచూసి, రాళ్లమీదున్న ఎనిమిది పేర్లూ ఆకు మీద గీసుకుని, పరుగున వెళ్లి సింహం ముందు పెట్టాడు.

"ఎనిమిదేనా? భల్లయ్య లేడా? పద, నేనే తేలుస్తా."

సింహం గుమ్మంలో నిలబడి "భల్లయ్యా" అంది. భల్లయ్య పలికాడు.

"తమరు పిలవొద్దు మహాప్రభో, ఊరికే చూడండి చాలు," అని వీరేశం కాళ్లావేళ్లా పడ్డాడు.

"చప్పుడు చెయ్యకుండా తొంగిచూడ్డానికి నేనేమన్నా దొంగనా?"

ఆకులో లేని ముప్పై రెండు పేర్లూ వరసగా పిలిచింది. ముప్పై రెండూ పలికాయి. ఆఖరున తల లోపల పెట్టి చూస్తే, ఆకులో ఉన్నవాళ్లు ఒక్కరూ రాళ్లమీద లేరు.

"లేరన్నవాళ్లంతా ఉన్నారు, ఉన్నారన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఏమిటిది?"

"నేను చూసినప్పుడు ఉన్నారండీ."

"నేను ఇప్పుడు అడుగుతున్నాను."

వీరేశం కొలువు ఆ పూటే ఊడింది. తనిఖీ ఉద్యోగం భల్లయ్యకిచ్చారు.

కనుక నాయనలారా, పిలవకపోయినా ఉండేవాడు దేవుడొక్కడే, ఉద్యోగి మాత్రం ఎక్కడ నిద్రపోయినా పిలిచినప్పుడు పలికితే ఉన్నట్టే.