బొద్దోడి మూతిలో పదిహేను దబ్బనాలు

పొద్దున్నే నేను బట్టలు ఆరేస్తున్నాను. బకెట్‌లో ఇంకా రెండు దుప్పట్లు మిగిలాయి. బాబాయి అరుగు మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, రాసిపెట్టుకో. ఈ బుర్రకు అందని నేరస్తుడు ఇంకా పుట్టలేదు!"

"చేతులు తడిగా ఉన్నాయి బాబాయ్."

బాబాయి గడియారాలు బాగుచేస్తాడు. కంటికి బిగించుకునే చిన్న భూతద్దంలో అంగుళం దూరంలో ఉన్నది ఆయనకు ఏనుగంత కనిపిస్తుంది. రెండో అంగుళం నుంచి లోకమంతా మసకే. ఆ అద్దంతోనే డిటెక్టివ్ పని కూడా చేస్తాడు.

అప్పుడే మా కుక్క బొద్దోడు గోడ సందులోంచి దూసుకొచ్చాడు. మూతి నిండా జానెడేసి ముళ్లు, నలుపూ తెలుపూ చారలతో. ఒకటి కుడికంటి కింద దిగి రెప్పకు తగులుతూ ఊగుతోంది. వాడు కుయ్యోమంటూ కాలితో గీరుకోబోయాడు. దుప్పటి వదిలేసి వాడి కాళ్లు పట్టుకున్నాను.

"ముట్టుకోకు! వేలిముద్రలు చెరిగిపోతాయి!" బాబాయి అద్దం బిగించి, మూతికి మూతి ఆనించినంత దగ్గరగా వంగాడు. "పదిహేను దబ్బనాలు! విషం పూసినవి! చారలు చూశావా? ముఠా గుర్తు."

"ముఠాకి మన కుక్కతో ఏం పనండీ?" పిన్ని వంటింట్లోంచి వచ్చింది.

"గురి నాకు పెట్టారు. వీడు అడ్డుపడ్డాడు."

పిన్ని ఆయన్ని పక్కకు నెట్టి పశువుల డాక్టరుకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"కత్తిరించకండి, గీరుకోనివ్వకండి. కంటి దగ్గరది ఇంకాస్త దిగితే చూపు పోతుంది. గంటలో వస్తాను. ఇంతకీ ఇది చేసిందెవరంటే..."

బాబాయి ఫోన్ లాక్కుని కట్ చేశాడు. "ఫోన్లో పేర్లా? శత్రువు వింటుంటాడు!"

పక్కింటాయన పరుపులు కుడతాడు. దబ్బనం లేనిదే ఆయనకు పూట గడవదు. అంతే, బాబాయి ఆయన్ని ఒంటినిండా దూదితోనే మా అరుగు మీదకు లాక్కొచ్చాడు.

"పొద్దున ఆరింటికి ఎక్కడున్నావ్?"

"పడుకున్నానన్నా."

"సాక్షి?"

"పరుపు."

"వెటకారమా? కదిలావంటే జాగ్రత్త! నీ పెరడు సోదా చేయాలి."

బాబాయి గోడ దూకాడు. పక్కింటాయన నా వంక చూశాడు. నా చేతులు లాగేస్తున్నాయని ఆయనకు తెలిసిపోయింది. బొద్దోడిని ఒళ్లోకి తీసుకుని, ముందుకాళ్లు రెండూ ఒక్క చేత్తో పట్టాడు. రెండో చెయ్యి మెడ మీద వేశాడు. వాడు వణకడం తగ్గించాడు. గంటసేపు ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

డాక్టరు వచ్చి మత్తు సూది వేసి, కంటి కిందది ముందు పట్టకారుతో లాగాడు. రెప్ప తెరిచి చూసి, "కన్ను బతికింది. వెంట్రుకవాసిలో తప్పింది," అన్నాడు. పిన్ని గిన్నె తెచ్చి పెట్టింది. మిగతా పద్నాలుగూ ఒక్కొక్కటే గిన్నెలో పడ్డాయి.

అప్పుడు గోడ అవతల కట్టెల మోపు దగ్గర పెద్ద కేక.

బాబాయి గోడెక్కలేక వీధి చుట్టూ తిరిగి వచ్చాడు, పీతలా పక్కకు నడుస్తూ.

"హంతకుడు వెనక నుంచి పొడిచాడు! నిఘా కోసం కట్టెల చాటున కూర్చున్నానంతే. మొహం చూడలేదు!"

వెనక ఏడు ముళ్లు, అవే చారలు. గోడ సందులోంచి చూశాను. ముళ్లన్నీ నిక్కబొడుచుకున్న జంతువొకటి గలగలమంటూ పొదల్లోకి పోతోంది.

"ముళ్లపంది," అన్నాడు డాక్టరు. "ఫోన్లో అదే చెప్పబోయాను."

"నేనూ దాన్నే అనుమానించాను," అన్నాడు బాబాయి.

"మరి ఈయన్ని ఎందుకు కూర్చోబెట్టారు?" అంది పిన్ని.

"అసలు నేరస్తుణ్ణి ఏమరపాటులో ఉంచడానికి."

డాక్టరు పట్టకారు తుడుచుకున్నాడు. "నేను మనుషులకు వైద్యం చెయ్యనమ్మా."

"పర్లేదు, కానివ్వండి," అంది పిన్ని.

బాబాయి బల్ల మీద బోర్లా పడుకున్నాడు. మొదటి ముల్లు ఊడినప్పుడు అరిచాడు, రెండోదానికి న్యాయమూర్తి అయ్యాడు.

"ఏమయ్యా, నిన్ను నిర్దోషిగా విడుదల చేస్తున్నాను. మనసులో ఏమీ పెట్టుకోకు."

పక్కింటాయన బొద్దోడి తలను మెల్లగా నా ఒళ్లోకి మార్చి లేచాడు. లుంగీకి అంటిన దూది దులుపుకున్నాడు. బల్ల దగ్గర ఆగి, కుట్టడానికి వచ్చిన పరుపును చూసినట్టు బాబాయి వెనకభాగాన్ని కాసేపు పరీక్షగా చూశాడు. ఇంకా అయిదు ముళ్లున్నాయి.

తరవాత చెప్పులేసుకుని తన పరుపుల దగ్గరికి వెళ్లిపోయాడు.