మాస్టారి మౌనం

ఆ ఉదయం లెక్కల మాస్టారి పథకం సాదాసీదాది. బడికి వెళ్లాలి, సాయంత్రం దాకా నోరు విప్పకూడదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అదనపు పీరియడ్లు మోసీ మోసీ గొంతు పుండయింది. లోపల గడ్డలాంటిదేదో ఉందనీ, ఉత్త వాపైతే మౌనంతో తగ్గుతుందనీ, లేకపోతే కోయాల్సిందేననీ డాక్టరు చెప్పాడు. కోస్తే గొంతు పోతుందేమో, గొంతు పోతే ఉద్యోగం పోతుందేమో. భయంతో మాస్టారికి కాఫీ కూడా దిగలేదు. సెలవు పెట్టమని భార్య పోరింది. పరీక్షల ముందు సెలవా? హెడ్మాస్టారు నమిలి మింగేయరూ!

ఆ బడిలో మాస్టారి అరుపు వినబడుతోందంటే అంతా క్షేమమని లెక్క. అలాంటి మనిషి ఆ రోజు అరవకుండా లోపలికొచ్చి, బోర్డు మీద లెక్క రాసి, పిల్లలవైపు దిగులుగా చూశారు. పిల్లల గుండెలు జారిపోయాయి. అన్నీ తెలిసిపోయాయనుకున్నారు పాపం. వెనక బెంచీవాడు లేచి, కిటికీ అద్దం పగలగొట్టింది తనేనని ఒప్పేసుకున్నాడు. మాస్టారు పలకలేదు. వాడి తోడుదొంగలూ లేచారు. అయినా పలకలేదు. ఏ పాపమూ ఎరగని ముందు బెంచీ అమ్మాయి భోరుమంది.

అవతల సైన్సు టీచరమ్మకు గోడ ఇవతలి నుంచి అరుపు వినబడలేదు. పరుగున వచ్చి చూస్తే ఏడ్చే పిల్లల మధ్య మాస్టారు కొయ్యబారి ఉన్నారు.

"ఏమైంది మాస్టారూ?"

ఆయన గొంతు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపారు. మాట్లాడకూడదని ఆయన భావం. ఆవిడకు వేరేగా అర్థమైంది. నేరుగా హెడ్మాస్టారి గదికి పరిగెత్తింది.

"ఇక నావల్ల కాదంటున్నారండీ. పీకలదాకా వచ్చిందట. మానేసేలా ఉన్నారు."

హెడ్మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. పరీక్షల ముందు లెక్కలు ఎవరు చెబుతారు? తనకా, లెక్కలంటే చిన్నప్పటి నుంచీ జ్వరం. మాస్టారిని పిలిచి, తన కుర్చీలో కూర్చోబెట్టి, అదనపు పీరియడ్లు తీసేశానన్నారు. అది కాదని మాస్టారు తల అడ్డంగా ఊపారు. చాలలేదనుకుని సెలవు రోజు క్లాసులూ తీసేశారు. మాస్టారు ఇంకా గట్టిగా ఊపారు. పిల్లల్ని బస్సెక్కించే డ్యూటీ కూడా పోయింది. చివరికి సంగతి రాసి చూపిద్దామని పెన్ను తీస్తే, రాజీనామా అనుకుని హెడ్మాస్టారు లాక్కున్నారు.

"బాబ్బాబు, రాయకండి. మీరు ఉంటే చాలు."

సాయంత్రం డాక్టరు ముందు మాస్టారు నోరు తెరిచారు. డాక్టరు లైటు వేసి చాలాసేపు చూశాడు.

"మామూలు వాపే. తగ్గిపోతోంది. ఏదీ, మాట్లాడండి."

మాస్టారు బితుకు బితుకుమంటూ రెండో ఎక్కం మొదలుపెట్టారు. గొంతు ఖంగుమంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక పాఠాలు చెప్పుకోవచ్చని డాక్టరు అంటూ ఉండగానే, మాస్టారు గభాలున లేచి గది తలుపు వేసి వచ్చారు.

"కాస్త నెమ్మదిగా అనండి డాక్టరుగారూ, ఎవరైనా వింటారు."

బడిలో మాత్రం పరీక్షలు అయిపోయేదాకా ఆ గొంతు బాగుపడలేదు.