డీజే కొండయ్యకి ఖాళీ లేదు

ఒక పెద్ద అడవిలో కొండయ్య అనే ఎలుగుబంటి డీజే ఉండేవాడని, వాడంత తెలివితక్కువవాడు ఇంకొకడు లేడని, నవ్వుకుంటూ చెప్పుకుపోదామనుకున్నాను. కుదరదు. అడవిలో అందరికీ తెలుసు, ఆ కొండయ్యని నేనే.

నాకు రెండు పెద్ద సౌండు బాక్సులు, ఒక మిక్సరు, నాలుగు రంగుల లైట్లు ఉండేవి. మోసేది నేనే, బిగించేది నేనే, పాటలు వేసేది నేనే. పెళ్ళివాళ్ళిచ్చే తేనెపట్టు తినేదీ నేనే. ఊరేగింపులో నా పాట పడిందంటే ముసలి అడవిదున్నలు కూడా సిగ్గు విడిచి ఎగిరేవి.

చిక్కల్లా ఒక్కటే. పెళ్ళిళ్ళన్నీ మంచి ముహూర్తాల్లోనే జరుగుతాయి. మంచి ముహూర్తం ఉన్న ప్రతిరోజూ నాకు బుకింగే. మరి నా పెళ్ళి ఎప్పుడు చేసుకోను? మా మేనమామ కూతురు నీలవేణి మూడేళ్ళుగా నాకోసం కూర్చుంది. నాకూ ఆ పిల్లంటే ప్రాణం.

"బావా, అందరి పెళ్ళిళ్ళకీ పెళ్ళికొడుకు కంటే ముందే వెళ్తావు. మన పెళ్ళికే నీకు తీరిక లేదు" అంది ఒకసారి.

దసరా వెళ్ళగానే మామయ్య సింహాద్రి వచ్చి తేల్చేశాడు. "అల్లుడూ, మాఘమాసం దాకా ఆగుతాను. అప్పటికీ నీకు ఖాళీ దొరక్కపోతే నా పిల్లకి వేరే సంబంధం చూసుకుంటాను."

దాంతో పనివాళ్ళని పెట్టుకుందామనుకున్నాను. నా బదులు వాళ్ళు వెళ్తే ఒక్క ముహూర్తమైనా నాకు మిగులుతుంది కదా. ఆలోచన మంచిదే. దాన్ని అమలు చేసింది నేను కావడమే వచ్చిన ఇబ్బంది.

మొదట మేనేజరుగా నక్క నాగభూషణాన్ని తీసుకున్నాను. అంతకుముందు అతను మూడు కంపెనీల్లో చేశాడు. మూడూ మూతపడ్డాయి. నేను దాన్ని అనుభవం అనుకున్నాను.

"సార్, పెళ్ళికింత అని కూలికి పెట్టుకుంటే మనది షామియానా కొట్టు అవుతుంది. నెలజీతాలిస్తే కంపెనీ అవుతుంది. మీరు ఎండీ అవుతారు" అన్నాడు నాగభూషణం.

ఎండీ అన్న మాట వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. పెళ్ళికి మాత్రమే పని ఉండే వ్యాపారంలో నెలనెలా జీతమెందుకని అడగాల్సింది. నేను అడిగింది మాత్రం విజిటింగ్ కార్డులు ఎప్పుడొస్తాయని.

ఇంటర్వ్యూలు పెట్టాం. ఏమడగాలో నాకు తెలియదు. నాగభూషణం రాసిచ్చింది చదివాను.

"ఐదేళ్ళ తర్వాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నావు?" అన్నాను గాడిద వీరన్నతో.

"బతికుంటే ఈ బాక్సుల కిందే సార్" అన్నాడు వీరన్న.

కోతి బుజ్జిబాబుతో, "నువ్వు కంపెనీకి ఏం చేయగలవు?" అన్నాను.

"పెళ్ళిలో ఎవరూ డాన్సు చెయ్యకపోతే నేను చేస్తాను సార్. చేస్తుంటే ఆపినా ఆగను."

వీళ్ళిద్దరు కాక ఇంకో తొమ్మిదిమందిని తీసుకున్నాం. తలా నెలకి మూడు తేనెపట్లు. మేనేజరుకి ఆరు. కార్తీకంలో ఒకే ముహూర్తానికి మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాం, మూడూ బ్రహ్మాండంగా జరిగాయి. నేను చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నా అంతటివాడు లేడనిపించింది.

ఆ మర్నాడే మూఢం వచ్చింది. దాని వెనకే శూన్యమాసం. రెండున్నర నెలలు అడవిలో తాళి కట్టే వీల్లేదు. పదేళ్ళుగా పెళ్ళిళ్ళ మీదే బతుకుతున్నవాణ్ణి, ఏటా వచ్చే ఆ సంగతే మర్చిపోయాను.

ఒకటో తారీకున పన్నెండుమందీ గుహ ముందు వరసగా నిలబడ్డారు. ఎవరూ ఏమీ అడగలేదు. "నమస్తే సార్" అని ఊరుకున్నారు. నా పెళ్ళి విందుకని దాచిన తేనెపట్లన్నీ ఆ నమస్తేలకే సరిపోయాయి.

"ముహూర్తాలు లేవని చేతులు ముడుచుకుంటే ఎలా సార్? పెట్టించుకోవాలి" అన్నాడు నాగభూషణం.

తాబేలు శేషాచార్యుల వారిని కూడా జీతానికి పెట్టుకున్నాం. ఆయన ఓ పూటంతా డిప్పలోకి తల లాక్కుని ఆలోచించి బయటికొచ్చారు.

"పంచాంగం రాసుకున్నది మనుషులు. మూఢం తగిలితే వాళ్ళకే తగులుతుంది. మనకి రోజూ ముహూర్తమే" అన్నారు.

అడవంతా చాటించాం. మూఢంలో పెళ్ళి చేసుకుంటే డీజే సగం ధరకే, బుజ్జిబాబు డాన్సు ఉచితం. జనం ఎగబడ్డారు. కుందేళ్ళు గుంపులుగా వచ్చి చేసుకున్నాయి. జన్మలో పెళ్ళి చేసుకోనని ఒట్టేసిన ముళ్ళపంది కూడా సగం ధర అనేసరికి కరిగిపోయాడు. రోజుకి రెండు, ఒక్కోరోజు ఆరు. సిబ్బంది చాలక నేను కూడా మళ్ళీ బాక్సులు మోశాను. ఎండీని కాబట్టి నాకు జీతం లేదు.

అప్పుడు మామయ్య వచ్చాడు. "అందరూ కానిచ్చేస్తున్నారు కదా అల్లుడూ, మనది కూడా ఈ నెల్లోనే చేసేద్దామా?"

"అబ్బే, ఊపిరాడ్డం లేదు మామయ్యా. అయినా మూఢంలో మన పెళ్ళేమిటి, అశుభం!"

"మరి వీళ్ళందరికీ?"

"అది వ్యాపారం మామయ్యా. మనది పెళ్ళి."

మామయ్య వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. నేనేదో గొప్ప మాట అన్నాననుకున్నాను.

మాఘం వచ్చింది. అసలైన ముహూర్తాలు బారులు తీరాయి. బుకింగు ఒక్కటీ లేదు. నాగభూషణం అడవంతా తిరిగొచ్చి, "పెళ్ళి కావాల్సినవాళ్ళు ఎవరూ మిగల్లేదు సార్. అందరికీ మనమే చేసేశాం" అన్నాడు. నాకు దిగులేమీ వెయ్యలేదు. ఎట్టకేలకు నాకు ఖాళీ దొరికింది! మామయ్య దగ్గరికి బయల్దేరదామని మెడలో పూలదండ కూడా వేసుకున్నాను.

ఇంతలో నాగభూషణం మళ్ళీ పరిగెత్తుకొచ్చాడు. "సార్, ఒక్కటి తగిలింది! పంచమి ముహూర్తం. పూర్తి ధర ఇస్తామన్నారు, ముందే చెల్లించేశారు కూడా. సిబ్బందికి జీతాలు పంచేశాను."

"ఎవరిది?"

"పెళ్ళికూతురు నీలవేణట. పెళ్ళికొడుకు అవతలి కొండ మీదివాడు."

మెడలో దండ పట్టుకుని అడిగాను. "వాడేం చేస్తాడు?"

"ఏమీ చెయ్యడు సార్. ఎప్పుడూ ఖాళీయేనట."

పడుతూ లేస్తూ నీలవేణి దగ్గరికి వెళ్ళాను. "నీలా, నాకిప్పుడు ఖాళీయే" అన్నాను.

"తెలుసు బావా. పని లేదు కాబట్టి ఖాళీ. నాకోసం ఎప్పుడైనా ఖాళీ చేసుకున్నావా?" అంది. మళ్ళీ తనే, "నాన్న వేరే డీజేని పెడదామన్నాడు. నేనే నీకిమ్మన్నాను. పాపం, నిన్ను నమ్ముకుని పదమూడుమంది ఉన్నారు" అంది.

ఒక్క మాట తిట్టినా బాగుండేది. ఆ రోజు ఏడ్చినట్టు నేను ఎన్నడూ ఏడవలేదు.

పంచమినాడు బాక్సు ఎత్తబోతే వీరన్న అడ్డొచ్చాడు. "వద్దు సార్. మీరు కూర్చోండి. మేమున్నాం కదా" అన్నాడు. నన్ను ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టారు. పాటలు అదిరిపోయాయి, లైట్లు ఒక్కటీ ఆరలేదు, బుజ్జిబాబు ఆపినా ఆగలేదు. నీలవేణి పెళ్ళిరోజున నాకు ఖాళీ ఉండాలని పెట్టుకున్న సిబ్బంది వాళ్ళు. పని ఏ లోటూ లేకుండా చేశారు.

నీతి: మంచి సిబ్బందిని పెట్టుకున్న యజమాని లేకపోయినా పనులన్నీ జరిగిపోతాయి, అతను చేసుకోవాల్సిన పెళ్ళితో సహా.