మట్టి అంటని బురద టైర్లు

ఆ రోజు లైబ్రేరియన్ చేయవలసిన పని ఒక్కటే. తన పికప్ బండికి వారం కిందట వేయించిన, బురద దారుల కోసమే చేసే నాలుగు బురద టైర్లనూ దుకాణానికి తీసుకెళ్లి ఇచ్చేసి, పాత టైర్లు వేయించుకుని సాయంత్రంలోగా ఇల్లు చేరాలి. అంతే. అందులో చెడగొట్టడానికి ఏముందని మీరనవచ్చు.

ఆ టైర్లను మీరు చూడలేదు కాబట్టి అంటున్నారు. అబ్బబ్బ, ఏం టైర్లండీ అవి! ఒక్కొక్కటీ మొలెత్తు. గాడిలో వేలు పెడితే సగం వేలు మాయం. అంచుల వెంట ఎగదన్నుకొచ్చిన గుబ్బలు, కొండనైనా సరే రమ్మను అన్నట్టు చూస్తుండేవి. ఇంటినుంచి లైబ్రరీ దాకా నున్నటి తారురోడ్డు తప్ప దారిలో కొండా లేదు, గుంటా లేదు. అయినా మనిషి మనసు పడ్డాడు. రోజూ పని నుంచి రాగానే ఇంట్లోకి వెళ్లకుండా ఆ టైర్ల ముందు చేతులు కట్టుకుని కాసేపు నిలబడేవాడు.

వచ్చిన చిక్కల్లా అత్తగారితో. పోయిన వానల్లో అపార్టుమెంటు ర్యాంపు మీద జారి పడినప్పటినుంచీ ఆవిడ ఆ వాలు మీద కాలు పెట్టలేదు. పైనున్న పార్కింగులోనే బండెక్కేది, అల్లుడు తీసుకెళ్తే వెళ్లేది. కారెక్కితే ఆవిడకు కళ్లు తిరుగుతాయి, ఆటో ఎక్కితే నడుం పట్టేస్తుంది. ఒంటికి పడ్డ వాహనం లోకంలో ఈ పికప్ ఒక్కటే. కొత్త టైర్లతో ఆ పికప్ కాస్తా జానెడు పైకి లేచింది, ఆవిడ మోకాలు మాత్రం లేవలేదు. స్టూలు వేశారు, పీట వేశారు. చివరికి కూతురు ఇటునుంచీ అల్లుడు అటునుంచీ ఎత్తబోతే, "నేనేమన్నా గోనెసంచినా?" అని విదిలించుకుని ఆవిడ మేడెక్కి కూర్చుంది.

రెండు వీధుల అవతల ఆవిడ అక్కగారికి కంటి ఆపరేషన్ అయింది. ఆ సాయంత్రమే కట్టు విప్పుతారు. విప్పేటప్పటికి చెల్లెలు ఎదురుగా ఉండాల్సిందేనని అక్కగారు పట్టుబట్టింది. "ముందు దాని మొహం చూసి, తర్వాతే మీ అందరి మొహాలూ చూస్తాను," అని ఫోనులో చెప్పేసింది.

"సాయంత్రానికి అమ్మ అక్కడుండాలి," అంది భార్య. "ఆ టైర్లు కావాలో, ఈ ఇంట్లో అన్నం కావాలో తేల్చుకోండి."

"ఇచ్చేస్తానన్నానుగా! ఎన్నిసార్లు చెప్పిస్తావే?"

దుకాణదారు కూడా ఫోనులో ముందే తెగేసి చెప్పాడు. "తీసుకుంటాను సార్. కానీ వాటికి మట్టి అంటకూడదు. ఒక్క గాడిలో బురద కనపడినా మీవి మీకే, మీ పాతవి నాకే."

బురద టైర్లకు బురద అంటకుండా కాపాడుకుంటూ లైబ్రేరియన్ బండి తీశాడు. పార్కింగు చివరికి వచ్చి బ్రేకు తొక్కాడు. ర్యాంపులో కుడి సగమంతా ఇసుకా నీళ్లూ కలిసి బురద బురదగా ఉంది. ఎడమ సగం మాత్రం నున్నగా, శుభ్రంగా మెరిసిపోతోంది. హమ్మయ్య అనుకుని ఎడమకు తిప్పాడు.

కింద గేటు దగ్గర మేస్త్రీ రెండు చేతులూ ఊపుతూ, "అటు కాదు సార్! అటు కాదు!" అని అరిచాడు.

"చూశాన్లేవయ్యా, ఆ బురదలోకి పోవట్లేదులే!" అని కృతజ్ఞతగా చెయ్యి ఊపి, లైబ్రేరియన్ ఇంకాస్త ఎడమకు తిప్పాడు.

బండి గేటు దాటాక దిగి చూస్తే మేస్త్రీ తలపాగా తీసి నేలకేసి కొట్టి ఉన్నాడు. పాత ర్యాంపు మీద రెండు వేళ్ల మందాన అప్పుడే పరిచిన కొత్త సిమెంటు అది. సాయంత్రానికి కార్లు తిరగాలని అపార్టుమెంటు సెక్రటరీ గారు ప్రత్యేకంగా తెప్పించిన, కాఫీ తాగి వచ్చేలోగా రాయైపోయే రకం. దాని మీద పైనుంచి కిందిదాకా రెండు చాళ్లు పడ్డాయి.

అయితే ఆ చాళ్లు చూస్తూ ఇద్దరికీ తిట్టుకోవాలన్న సంగతే గుర్తు రాలేదు. శిల్పి కూర్చుని చెక్కినా అంత తీరుగా రాదు. గుబ్బ పక్కన గుబ్బ, గాడి పక్కన గాడి, అంచుల్లో బాణం ములుకుల వరస. లైబ్రేరియన్ తన టైర్ల అచ్చును తానే నోరు తెరుచుకుని చూశాడు.

అంతలో ఈల వినపడింది. అపార్టుమెంటు సెక్రటరీ ఒకప్పుడు డ్రిల్లు మాస్టారు. ఉద్యోగం వదిలినా ఈల వదల్లేదు. ఆయన ర్యాంపు చూశాడు, ఈల నోట్లోంచి జారి మెడలో వేలాడింది.

"మేస్త్రీ, ఏంటిది?"

మేస్త్రీ నేలమీది తలపాగా తీసి దులపసాగాడు.

"జారకుండా అచ్చులు వేశావా? నేను చెప్పకుండానే!" ఆయన వంగి, వేలితో గుబ్బను తాకబోయి, పాడవుతుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అద్భుతమయ్యా! అద్భుతం!"

"కొత్త పద్ధతండీ," అన్నాడు మేస్త్రీ. ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

"మరి రెండు చాళ్లేనా? ర్యాంపు మొత్తం వెయ్యి. ఆ రెండో సగం కూడా."

సెక్రటరీ అటు తిరగగానే మేస్త్రీ లైబ్రేరియన్ చొక్కా పట్టుకున్నాడు. "బండి తియ్యండి సార్. లేదంటే జరిగింది జరిగినట్టు ఆయనకి చెప్పేస్తా."

"ఇవాళ ఈ టైర్లు తిరిగిచ్చెయ్యాలయ్యా బాబూ! మట్టి అంటకూడదు!"

"మట్టెక్కడుంది సార్? ఇది సిమెంటు. పని కాగానే నీళ్లు కొడితే పోతుంది."

నిజం చెప్పాలంటే లైబ్రేరియన్‌ను అంత గట్టిగా బతిమాలనవసరం లేదు. ఆ టైర్లతో ఒక్కసారైనా ఏదో ఒక ఘనకార్యం చేయాలని వారం రోజులుగా అతని ప్రాణం కొట్టుకుంటోంది.

పద్ధతి రహస్యమనీ, ఎవరైనా చూస్తే ఊరంతా పాకిపోతుందనీ మేస్త్రీ చెప్పాడు. సెక్రటరీ వెంటనే ఈల వేసి బాల్కనీల్లో ఉన్నవాళ్లందరినీ లోపలికి తరిమాడు. తాను స్వయంగా భవనం వెనక్కి వెళ్లి, గోడ వైపు మొహం పెట్టి కాపలా నిలబడ్డాడు. మేస్త్రీ పరుస్తున్నాడు, లైబ్రేరియన్ బండితో ర్యాంపు ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు. ఇంజను గుర్రుమన్నప్పుడల్లా సెక్రటరీ గోడతోనే, "ఎంత యంత్రం తెప్పించాడో మహానుభావుడు!" అనుకున్నాడు.

మధ్యాహ్నానికి పని పూర్తయింది. గేటు దగ్గర జనం చేరి, దూరం దూరంగా నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. సెక్రటరీ మేస్త్రీకి శాలువా ఒక్కటే తక్కువ చేశాడు. తర్వాత ఎవరూ ర్యాంపు తడపకుండా కొళాయికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

లైబ్రేరియన్ సిమెంటు పట్టిన తన టైర్ల వంక చూశాడు. నీళ్లు కావాలంటే తాళంచెవి అడగాలి. అడిగితే ఎందుకని అడుగుతాడు. మెల్లగా బండి వైపు జారుకుంటుంటే ఆయనే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఎక్కడికండీ? మీరు పుస్తకాల మధ్య ఉండే మనిషి. ఇలాంటి దారుల గురించి నాలుగు ముక్కలు చెప్పండి. వీళ్లూ తెలుసుకుంటారు."

వద్దనాల్సింది. అనలేదు. తన టైర్ల అచ్చును అంతమంది కళ్లు విప్పార్చుకుని చూస్తుంటే అతనికి ఒళ్లు తెలియలేదు. పూర్వం రాళ్లు పరిచిన బాటలతో మొదలుపెట్టి, ఏనుగులు నడిచిన కనుమలు దాటి, గుర్రపు నాడాల దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీ దూరంనుంచి కాఫీ గ్లాసునూ బండి టైర్లనూ చూపిస్తూ ఏవో సైగలు చేశాడు. కాఫీకి పిలుస్తున్నాడనుకుని లైబ్రేరియన్ వద్దని తల ఊపాడు.

ఉపన్యాసం ముగించి, టైర్లకు నీళ్లు కొట్టకుండానే దుకాణం చేరి బండి దిగాడు. దుకాణదారు టైరు మీద అరచేత్తో రాశాడు, వేలి కణుపుతో కొట్టాడు. టకటకమంది. గాడి అన్నమాటే లేదు. నాలుగు టైర్లూ నున్నగా, బూడిదరంగులో, రుబ్బురోలు పొత్రాల్లా ఉన్నాయి. దారిలో ఊడి పడతాయనుకున్న సిమెంటు పెచ్చులు ఒక్కటీ ఊడలేదు.

దుకాణదారు పనివాళ్లందరినీ పిలిచి చూపించాడు. "బురద పట్టిన టైర్లు చూశాను. ఇసుక పట్టినవి చూశాను. టైర్లకు ప్లాస్టరింగు చేయించుకున్న మారాజును చూడటం ఇదే మొదలు." ఆ గొంతులో వెటకారం లేదు, ఉన్నదంతా గౌరవమే. అయినా పాత టైర్లు మాత్రం ఇవ్వలేదు.

తిరుగుదారిలో వాన పట్టుకుంది. పాత టైర్లూ లేవు, బండి ఎత్తూ తగ్గలేదు. అత్తగారి మొహం ఎలా చూడాలో, అక్కడ కళ్లకు కట్టుతో ఎదురుచూస్తున్న ఆ ముసలావిడకు ఏం చెప్పాలో అతనికి తోచలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కంగారులో గేటు ముందు బండిని వీధి పక్క బురదలోకి దించాడు. బండి కూరుకుపోయింది. తొక్కేకొద్దీ చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి, గేటు మీదా గోడ మీదా బురద చిమ్మాయి. బురద కోసమే పుట్టిన టైర్లు మొట్టమొదటిసారి బురద చూసి చేతులెత్తేశాయి.

పై బాల్కనీలోంచి భార్య అదంతా చూసింది, కేక వేయడానికి నోరు తెరిచింది. కానీ ఆమె చూపు అతని మీదినుంచి ర్యాంపు మీదికి మళ్లి, అక్కడే ఆగిపోయింది. అతనూ తల తిప్పి చూశాడు.

ర్యాంపు పైన అత్తగారు నిలబడి ఉంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో చీర కుచ్చెళ్లు. కుడి కాలు ముందుకు పెట్టి, వెనక్కి తీసుకుంది. మళ్లీ పెట్టి నొక్కి చూసింది. కాలు జారలేదు. నీళ్లు గాళ్లలోంచి పక్కలకు పారిపోతున్నాయి, గుబ్బలు పొడిగా పైకి తేలి ఉన్నాయి. ఆవిడ ఎడమ కాలు వేసింది, తర్వాత కుడి కాలు. గోడ పట్టుకోలేదు, ఎవరినీ పిలవలేదు. బాల్కనీల్లో అందరూ పిట్టగోడల మీదికి వంగి చూశారు. తన టైర్లు ఇంత పని చేస్తాయని వాటిని అమ్మినవాడు కూడా చెప్పలేదు.

ఆవిడ గేటు దాటి బండి పక్కన ఆగింది. బురదలో మునిగిన చక్రాన్ని కిందికీ పైకీ చూసింది.

"ఆ మేస్త్రీ చేతికి బంగారు కడియం తొడగాలి అల్లుడుగారూ! పల్లకీలో వచ్చినట్టు వచ్చాను. మీ టైర్లు దండగని ఇప్పటికైనా ఒప్పుకుంటారా?"

నిజం చెప్పేద్దామని అతను బండి అద్దం దించేసరికి ఆవిడ వీధి మలుపు తిరిగిపోయింది.